గల్లాపెట్టె వెనుక కూర్చున్న పెద్దమనిషికి

‘పద్దెనిమిది సంవత్సరాలు నిండనివారికి పొగాకు ఉత్పత్తులు విక్రయించడం శిక్షార్హమైన నేరం.’ ఈ వాక్యం రాసి ఉన్న పలకను మీలో ఎంతమంది ఈ మధ్యకాలంలో ఒక కిళ్ళీ కొట్టులోగాని, కిరాణా దుకాణంలోగాని కంటితో చూశారు? కనీసం అరవై సెంటీమీటర్లు, ముప్పై సెంటీమీటర్ల కొలత కలిగిన అటువంటి పలకను, స్థానిక భాషలో, అందరికీ కనిపించే చోట ఉంచాలని 2004 నాటి నిబంధనలు చెబుతున్నాయి. నేను ఉదయం నడకకు వెళ్ళే దారిలో పదకొండు కొట్లు ఉన్నాయి. వాటిలో ఒక్కదానిలోనే ఆ పలక ఉంది. దాని ముందు షాంపూ పొట్లాల దండలు వేలాడుతుంటాయి కనుక, ఆ సందులోంచి ‘శిక్షా’ అనే రెండక్షరాలు మాత్రం కనబడతాయి. శిక్ష ఎవరికో, ఎందుకో తెలియదు. మన దేశంలో ఈ చట్టం అమలవుతున్న తీరుకు అంతకంటె మంచి చిత్రపటం నాకు దొరకలేదు.

పొగాకు కంపెనీలను తిట్టే వ్యాసాలు చాలా వచ్చాయి, ఇంకా రావాలి కూడా. ఈ వ్యాసంలో వాటి ప్రస్తావన తక్కువ. ప్రభుత్వానికి, తల్లిదండ్రులకు కొన్ని మాటలు ఉన్నాయి. అవి తరువాత వస్తాయి. ముందుగా నేను మాట్లాడదలచినది దుకాణదారుతో. ఎందుకంటే కర్మాగారం నుంచి పిల్లవాడి పెదవుల దాకా సాగే ఆ ప్రయాణంలో, పిల్లవాడి ముఖాన్ని కళ్ళారా చూసే మనిషి ఆయన ఒక్కడే. కంపెనీ అధికారికి పిల్లవాడు కనబడడు, పంపిణీదారుకు కనబడడు, పన్ను వసూలు చేసే గుమాస్తాకు కనబడడు. దుకాణదారుకు కనబడతాడు. భుజాన బడిసంచితో, మెడలో టై కొంత వదులు చేసుకుని, గొంతు కొంచెం బరువు చేసుకుని, ఎదురుగా నిలబడతాడు.

ఇది ఊహ కాదు. మన దేశంలో పదమూడు నుంచి పదిహేనేళ్ళ వయసుగల విద్యార్థులపై 2019లో జరిగిన ప్రపంచ యువత పొగాకు సర్వేలో, 8.5 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నట్లు తేలింది. వారిలో సిగరెట్లు తాగేవారిలో 69 శాతం, బీడీలు తాగేవారిలో 78 శాతం వాటిని కొనుక్కున్నది దుకాణాలు, పాన్ షాపులు, వీధి విక్రేతల వంటి చోట్లనే. అంటే ఈ పిల్లలు దొంగతనం చేయలేదు, చాటుమాటు వ్యాపారుల వెంట తిరగలేదు. నోటు ఇచ్చారు, సరుకు తీసుకున్నారు, చిల్లర లెక్కపెట్టుకుని వెళ్ళారు. ఆ అమ్మిన చేయి ఒక పెద్దమనిషిది.

చట్టం ఏమంటుందో చాలామంది వ్యాపారులకు సగమే తెలుసు. సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తుల చట్టం 2003లో వచ్చింది. దాని ఆరవ సెక్షను ప్రకారం పద్దెనిమిదేళ్ళలోపు వారికి పొగాకు అమ్మరాదు. విద్యాసంస్థకు వంద గజాల లోపల అసలు ఎవరికీ అమ్మరాదు. ఉల్లంఘిస్తే జరిమానా రెండు వందల రూపాయల వరకు. ఈ రెండు వందల సంగతి వ్యాపారులందరికీ తెలుసు. అందుకే నవ్వుతారు. వారికి తెలియని రెండవ సగం 2015 నాటి బాలల న్యాయ చట్టంలో ఉంది. దాని డెబ్బై ఏడవ సెక్షను మద్యం, మాదకద్రవ్యాలతో పాటు పొగాకు ఉత్పత్తులను కూడా పేరు పెట్టి చెప్పి, వైద్యుని సూచన లేకుండా వాటిని పిల్లలకు ఇచ్చినవారికి, ఇప్పించినవారికి ఏడేళ్ళ వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చునన్నది. ఒకే పనికి ఒక చట్టంలో రెండు వందలు, మరొక చట్టంలో ఏడేళ్ళు! ఈ విడ్డూరాన్ని సరిదిద్దవలసినది శాసనకర్తలు. అయితే అమ్మే మనిషి మాత్రం తన తలమీద వేలాడుతున్నది రెండు వందల చీటీ మాత్రమేనన్న భ్రమలో ఉండకూడదు.

మరొక సంగతి కూడా చాలామందికి తెలియదు. కొన్నవాడు మైనరు కాడని నిరూపించవలసిన భారం అమ్మినవాడిదే. ‘పెద్దవాడిలా కనిపించాడండీ’ అనేది ఆ నిబంధనల ముందు సమాధానం కాదు. అనుమానం ఉంటే వయసు రుజువు అడిగే హక్కును అవే నిబంధనలు వ్యాపారికి ఇచ్చాయి. హక్కు ఉంది, వాడేవారు లేరు.

వైద్యుడిగా నేను చూసినదాన్ని కొంత చెప్పాలి. పీల్చిన పొగలోని నికోటిన్ పది, ఇరవై సెకన్లలో మెదడును చేరుతుంది. నలభై ఏళ్ళవాడి మెదడుకూ, పద్నాలుగేళ్ళవాడి మెదడుకూ తేడా ఉంది. ముందు వెనుకలు ఆలోచించి ‘వద్దు’ అని చెప్పే భాగం, నుదుటి వెనుక ఉన్న భాగం, పూర్తిగా పక్వానికి వచ్చేది ఇరవై దాటిన తరువాతనే. కోరికను రగిలించే భాగం మాత్రం అప్పటికే ఉధృతంగా పనిచేస్తూ ఉంటుంది. పగ్గం ఇంకా పేనలేదు, ఎద్దు మాత్రం ఎదిగిపోయింది. ఆ వయసులో అంటుకున్న అలవాటు వేళ్ళు దిగిపోతుంది. నా దగ్గరకు యాభై ఏళ్ళ వయసులో ఆయాసంతో వచ్చిన పొగరాయుళ్ళను ‘ఎప్పుడు మొదలుపెట్టారు?’ అని అడిగితే, ‘ఇరవై అయిదో ఏట, బాగా ఆలోచించుకుని మొదలుపెట్టానండీ’ అన్నవాడు నాకు గుర్తులేడు. అందరిదీ ఒకటే మాట: ‘చిన్నప్పుడు, సరదాగా.’

గుట్కా, ఖైనీ, వక్కపొడి పొట్లాల సంగతి ఇంకా దారుణం. నోటి లోపలి పొర కింద నారకట్టి బిగిసిపోయే వ్యాధి ఒకటి ఉంది. సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటాము. దానికి ప్రధాన కారణం వక్క. మొదట కారం తగిలితే నోరు మంట. ఆవకాయ ముద్ద నోట పెట్టుకోలేకపోతాడు. తరువాత బుగ్గలు తోలులా గట్టిపడతాయి. ఆపైన నోరు తెరుచుకోదు. దీన్ని పరీక్షించడానికి యంత్రాలు అక్కరలేదు. తన మూడు వేళ్ళను నిలువుగా పై పళ్ళకూ, కింది పళ్ళకూ మధ్య పెట్టుకోమంటాము. ఆరోగ్యవంతుడికి పడతాయి. నేను ఉద్యోగంలో ఉన్న చివరి సంవత్సరాలలో, మీసకట్టు కూడా సరిగా రాని కుర్రవాడు ఒకడు తల్లితో వచ్చాడు. ఒక వేలు పట్టింది, రెండవది ఇరుక్కుంది. ఆమె మాత్రం ‘బాబుకి అన్నం సయించడం లేదండీ, బలానికి ఏమన్నా రాయండి’ అని అడుగుతోంది. ఎప్పటి నుంచి నములుతున్నావురా అంటే, ఎనిమిదో తరగతి నుంచి అన్నాడు. ఎక్కడ కొంటావంటే, బడి పక్క కొట్టులో అన్నాడు. ఈ వ్యాధిని పూర్తిగా వెనక్కి తిప్పే మందు మన దగ్గర లేదు. అలవాటు మానిపించి, వ్యాయామాలు చేయించి, సూదులు వేసి, శస్త్రచికిత్స చేసి కొంతవరకు ఊరట కలిగించగలం. కొందరిలో అది క్యాన్సరుగా మారుతుంది. ఇందులో వ్యాపారులు గమనించవలసిన వెలితి ఒకటుంది: పొగాకు కలపని వక్క పొట్లాలకు 2003 చట్టంలోని వయోపరిమితి వర్తించదు. చట్టం పట్టుకోదు కాబట్టి బుగ్గ కూడా పట్టుకోదని ఎవరైనా అనుకుంటే, అది పొరపాటు. వక్క ఒక్కటే క్యాన్సరు కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ రెండు దశాబ్దాల కిందటే తేల్చింది.

శ్రీకాకుళం, విశాఖ తీరాలలో నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే ముసలమ్మలను పాతతరం వైద్యులందరూ చూసే ఉంటారు. అడ్డపొగ అంటారు. అంగిలి కాలి, మచ్చలు పడి, పుండు పడి వచ్చేవారు. వారికి ఆ అలవాటు ఇంట్లో పెద్దల దగ్గర, సముద్రపు గాలిలో నిప్పు ఆరకుండా చూసుకునే అవసరంలో అబ్బింది. వారికి ఎవరూ బోర్డు చూపించలేదు, చట్టం లేదు, చదువు లేదు. నేటి కుర్రవాడికి ఇవన్నీ ఉన్నాయి. అయినా అతని చేతికి సిగరెట్టు అందుతోంది.

ఇక దుకాణదారులు చెప్పే సమాధానాలు. నేను చాలామందిని అడిగాను. వయసు మీదపడ్డ డాక్టరు కనుక కసురుకోకుండా చెబుతారు. అన్నిటికంటె తరచుగా వినిపించేది: ‘ఏం చెయ్యమంటారు డాక్టరు గారూ, వాళ్ళ నాన్నే పంపిస్తాడు.’

ఇది అబద్ధం కాదు. అందుకే దీని దగ్గర కాసేపు ఆగాలి. మన ఇళ్ళలో ఆదివారం మధ్యాహ్నం నలుగురు కూర్చున్నప్పుడు ‘ఒరేయ్ చిన్నా, కొట్టుకెళ్ళి ఒక పెట్టె పట్రా, మిగిలిన చిల్లర నువ్వు ఉంచుకో’ అనడం ఎంత సహజంగా జరిగిపోతుందో గమనించండి. ఆ ఒక్క వాక్యంలో పిల్లవాడికి అయిదారు పాఠాలు ఉన్నాయి. ఏ బ్రాండు మంచిదో, దాని ధర ఎంతో, ఏ కొట్టులో దొరుకుతుందో, అడిగితే ఎవరూ ఏమీ అనరని, పైగా కొంత కమీషను కూడా వస్తుందని. రెండేళ్ళు తండ్రి కోసం నడిచిన దారిలోనే మూడవ ఏడు తన కోసం నడుస్తాడు. అదే కొట్టు, అదే మాట, అదే నోటు. నిన్నటి సిగరెట్టు తండ్రిదో, ఇవాళ్టిది కొడుకుదో గల్లాపెట్టెకు ఎలా తెలుస్తుంది?

చట్టానికి ఈ తేడాతో పనిలేదు. మైనరుకు అమ్మరాదు అన్నదే గాని, మైనరు తాగడానికైతే అమ్మరాదు అనలేదు. తండ్రి పేరు చెప్పినా, తాత పేరు చెప్పినా, చీటీ రాసి పంపినా, ఫోనులో తండ్రి చేతే మాట్లాడించినా, సరుకు చేతులు మారేది పిల్లవాడి చేతికైతే అది మైనరుకు అమ్మకమే. ‘నాన్నగారిని రమ్మను నాయనా’ అని ఒక్క మాట చాలు. నిజంగా తండ్రే పంపి ఉంటే ఆయన వస్తాడు; కొంత విసుక్కుంటాడు, తీసుకుంటాడు, వెళతాడు. మీ అమ్మకం ఎక్కడికీ పోలేదు. తండ్రి పంపకపోయి ఉంటే ఆ పిల్లవాడు మళ్ళీ రాడు. ఈ మాటతో నిజంగా నష్టపోయే అమ్మకం ఏదో, అదే అమ్మకూడని అమ్మకం. ఇక తండ్రులకు: బాలల న్యాయ చట్టంలో ‘ఇచ్చినా, ఇప్పించినా’ అని ఉంది. ఆ రెండవ మాటను ఒకసారి నిదానంగా చదువుకోండి. మీ పెట్టె మీరే వెళ్ళి తెచ్చుకోండి. కనీసం ఆ నాలుగడుగుల నడక అయినా ఒంటికి మంచిది.

రెండవ సమాధానం: ‘నేను ఇవ్వకపోతే పక్కవాడు ఇస్తాడు.’ దీనికి ఒంటరిగా ఎవరూ జవాబు చెప్పలేరు, నేను ఒప్పుకుంటాను. వీధంతా కలిస్తే చెప్పగలరు. ఏ బజారులో చూసినా వర్తక సంఘం ఉంటుంది. అమావాస్యనాడు కొట్లు తెరవాలా వద్దా, ఎండాకాలం మధ్యాహ్నం ఎన్ని గంటలకు మూయాలి, కొత్తగా వచ్చిన వ్యాపారి చందా ఎంత కట్టాలి అన్నవన్నీ ఆ సంఘమే నిర్ణయిస్తుంది. ధరల విషయంలో అందరూ ఒక మాట మీద నిలబడగలిగినవారు, పిల్లల విషయంలో నిలబడలేమంటే నమ్మడం ఎట్లా? నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు 1990ల ఆరంభంలో సారాకు వ్యతిరేకంగా లేచినప్పుడు వారి చేతిలో ఏ జీవో లేదు. ఊరు ఒక మాట అనుకుంది. ఆ మాట జిల్లా దాటి, రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. సంపూర్ణ మద్యనిషేధం తరువాత ఏమయిందో అది వేరే కథ, దుఃఖకరమైన కథ. కాని ఊరు అనుకుంటే కొట్టు మూతపడుతుందన్నది మనకు ఎవరో చెప్పవలసిన సంగతి కాదు.

మూడవది: ‘వయసు మాకేం తెలుస్తుందండీ?’ పల్లెల్లో, చిన్న పట్నాల్లో ఈ మాట వింటే నాకు నవ్వు వస్తుంది. ఆ పిల్లవాడు ఎవరి కొడుకో, ఏ బడిలో ఏ తరగతో, వాళ్ళ అమ్మ ఖాతాలో ఎంత బాకీ ఉందో, మేనమామది ఏ ఊరో కొట్టు యజమానికి తెలుసు. వయసు ఒక్కటే తెలియదట! నగరాలలో నిజంగానే తెలియకపోవచ్చు. అక్కడ అడగాలి. అమెరికాలో గ్యాస్ స్టేషన్లు, చిన్న దుకాణాలు నడుపుతున్న తెలుగువారు ఎందరో ఉన్నారు. అక్కడ 2019 డిసెంబరు నుంచి పొగాకు కొనుగోలుకు కనీస వయసు ఇరవై ఒకటి. 2024 సెప్టెంబరు చివరి నుంచి ముప్పై ఏళ్ళలోపు వారందరి ఫోటో గుర్తింపు కార్డు చూసి తీరాలి. కౌంటరు వెనుక నిలబడ్డ మన తెలుగువాడు పెళ్ళయి పిల్లలున్న ఇరవై తొమ్మిదేళ్ళ మనిషిని కూడా ‘కార్డు చూపించండి’ అని అడుగుతాడు. ఆ మనిషి అవమానంగా భావించడు. అదే తెలుగువాడు సెలవులకు సొంత ఊరు వచ్చి బావమరిది కొట్టులో గంటసేపు కూర్చుంటే, నిక్కరు వేసుకున్న కుర్రవాడిని కూడా అడగడు. మనిషి మారలేదు, వెనుక ఉన్న ఏర్పాటు మారింది. అక్కడ శిక్షణ ఇచ్చిన మైనరులనే కొనుగోలుదారులుగా పంపి తనిఖీ చేస్తారు. దొరికితే జరిమానా ఉంటుంది, మళ్ళీ మళ్ళీ దొరికితే పొగాకు అమ్మే అర్హతే పోతుంది.

మనవారు ఇక్కడ కూడా చేయగలిగినది చాలా ఉంది. చూడగానే ఇరవై అయిదు దాటలేదనిపించిన ప్రతివారినీ అడగడం అలవాటు చేసుకోవాలి. పద్దెనిమిది దగ్గర గీత పెట్టుకుంటే ప్రతిసారీ అంచనా తప్పుతుంది, ఇరవై అయిదు దగ్గర పెట్టుకుంటే తప్పినా పిల్లవాడు లోపలికి రాడు. కార్డు చేతికి తీసుకున్నాక లెక్కవేయడానికి తడబడకుండా, గల్లాపెట్టె మీద చిన్న పలక పెట్టుకుని, నేటికి సరిగ్గా పద్దెనిమిదేళ్ళ కిందటి తేదీని ప్రతి ఉదయం దీపం పెట్టగానే రాసుకోవచ్చు. ఆ తేదీ తరువాత పుట్టినవాడికి లేదు, అంతే. కొన్ని పాత ఆధార్ కార్డుల మీద పుట్టిన సంవత్సరం మాత్రమే ఉంటుంది. అప్పుడు ఆ సంవత్సరం చివరి రోజును లెక్కలోకి తీసుకోవడం క్షేమం. ఫోనులో చూపించే కార్డు బొమ్మను నమ్మవద్దు. నేటి పిల్లలకు బొమ్మలోని అంకె మార్చడం కష్టమైన పని కాదు. బడి దుస్తులలో ఉన్నవాడిని కార్డు కూడా అడగనక్కరలేదు.

కాదన్నప్పుడు గొడవ అవుతుందన్న భయం నిజమైనదే. ముఖ్యంగా సాయంత్రం పొద్దుపోయాక కొట్టులో ఒంటరిగా ఉండే స్త్రీల విషయంలో. అయిదారుగురు కుర్రాళ్ళు మోటారు సైకిళ్ళ మీద వచ్చి నిలబడితే ఆమెను వాదించమనే హృదయహీనుడిని కాను. అయితే ఎక్కువ గొడవలు ‘కాదు’ అన్నందువల్ల కాక, ‘కాదు’ అన్న తీరువల్ల వస్తాయి. నీతిబోధ చేయవద్దు. మీ అమ్మతో చెబుతానని బెదిరించవద్దు. పదిమందిలో చిన్నబుచ్చవద్దు. ‘నా మీద కేసవుతుంది తమ్ముడూ, ఎవరికైనా ఇంతే’ అని నింద చట్టం మీదకు నెట్టి, వెంటనే పక్కవాడికి ఏం కావాలో అడగాలి. అసలు ఆ పలక అందుకే ఉంది. షాంపూ దండల వెనుక నుంచి దాన్ని బయటికి తీస్తే, మాట్లాడే పని సగం అదే చేస్తుంది.

కొట్టులో ఎవరు కూర్చుంటారన్నది కూడా చూడాలి. పద్దెనిమిదేళ్ళలోపు వారు పొగాకు ఉత్పత్తులను అమ్మరాదని, కనీసం చేతితో అందించరాదని 2011లో నిబంధన చేర్చారు. మన దగ్గర యజమాని భోజనానికి లేవగానే గల్లాపెట్టె దగ్గర కూర్చునేది ఆయన కొడుకే, పదవ తరగతివాడు. వాడి తరగతి పిల్లలకు ఆ వేళ బాగా తెలుసు. తోటివాడిని కాదనగలిగే పదవ తరగతి పిల్లవాడు ఎక్కడా ఉండడు. భోజనానికి వెళ్ళే అరగంట ఆ అలమరకు తాళం వేసి వెళ్ళండి.

అలమర సంగతి వచ్చింది కనుక: పిల్లలకు సులభంగా అందేట్లు, కనిపించేట్లు వీటిని పెట్టరాదని ఆ 2011 నిబంధనలే అన్నాయి. మన కొట్లలో సీసాల వరుస చూడండి. పిప్పరమెంట్లు, జీడీలు, చాక్లెట్లు; వాటి పక్కనే, పదేళ్ళ పిల్లవాడి కంటి ఎత్తున, రంగు దీపాలు వెలిగే గాజు అరలో సిగరెట్టు పెట్టెలు. ఆ అర ఉచితంగా ఎక్కడి నుంచి వచ్చిందో, ఎందుకు వచ్చిందో యజమానికి తెలుసు. 2017లో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ రాష్ట్రాలకు ఒక లేఖ రాసింది. పొగాకు అమ్మే కొట్లకు స్థానిక సంస్థల అనుమతి తప్పనిసరి చేయాలని, అటువంటి కొట్లలో చాక్లెట్లు, చిప్స్, బిస్కెట్లు, శీతల పానీయాలు అమ్మనివ్వరాదని అందులో సూచన. చిరువ్యాపారుల పొట్ట కొడతారా అని వెంటనే నిరసన లేచింది. ఆ నిరసనలో కొంత న్యాయం ఉంది. ఆరడుగుల బడ్డీ మీద బతికే మనిషి రెండు కొట్లు పెట్టలేడు. అయితే సరుకును వెనుకకు, పైకి, మూసిన తలుపు వెనుకకు మార్చడానికి రెండవ కొట్టు అక్కరలేదు.

విడి సిగరెట్టు మీద నాకు ప్రత్యేకమైన కోపం ఉంది. పెట్టె మీద రెండు వైపులా 85 శాతం మేర బొమ్మతో హెచ్చరిక ఉండాలని 2016 ఏప్రిల్ నుంచి నియమం. ఎంతో పోరాటం తరువాత వచ్చిన నియమం అది. విడిగా అమ్మిన సిగరెట్టు మీద ఏ హెచ్చరికా ఉండదు. పెట్టె కొనేంత డబ్బు పిల్లవాడి జేబులో ఉండదు. ఒకటి కొనేంత ఉంటుంది. విడి సిగరెట్టు పిల్లల కొలతకు కుట్టిన చొక్కా. దాని పక్కనే తాడుకు వేలాడే లైటరు ఒకటి, అగ్గిపెట్టె ఖర్చు కూడా లేకుండా. మహారాష్ట్ర 2020లో విడి అమ్మకాలను నిషేధించింది. మన వీధులలో ప్రభుత్వ ఉత్తర్వు కోసం ఎదురుచూడకుండానే ఏ వ్యాపారి అయినా రేపటి నుంచి ఈ పని చేయవచ్చు.

ఇప్పుడు ప్రభుత్వం. యూరియా బస్తా అమ్మాలంటే లైసెన్సు కావాలి. దీపావళికి నాలుగు రోజులు టపాసులు అమ్మాలంటే లైసెన్సు కావాలి. జ్వరం బిళ్ళ అమ్మాలంటే ఫార్మసిస్టు కావాలి. పొగాకు అమ్మడానికి మాత్రం చాలా చోట్ల ఒక బల్ల చాలు. లైసెన్సు లేనప్పుడు రద్దు చేయడానికి ఏముంటుంది? 2003లో నిర్ణయించిన రెండు వందలు ఇరవై ఏళ్ళు దాటినా మన దగ్గర రెండు వందలే. కర్ణాటక తన సవరణ ద్వారా కనీస వయసును ఇరవై ఒకటికి, జరిమానాను వెయ్యి రూపాయల వరకు పెంచింది. 2025లో అది అమలులోకి వచ్చింది. మన రెండు రాష్ట్రాలలో మద్యానికి ఇరవై ఒక్క ఏళ్ళ నియమం ఎప్పటినుంచో ఉంది కదా, పొగాకుకు ఎందుకు ఉండకూడదు? ఇక మే 31 వస్తే, ప్రపంచ పొగాకు వ్యతిరేక దినమని, ఎండలో పిల్లల చేత అట్టలు పట్టించి ఊరేగింపు తీస్తారు. ఆ ఊరేగింపు ఏ కొట్ల ముందు నుంచి సాగుతుందో అధికారులు తలెత్తి చూస్తే బాగుండును. అవగాహన కావలసింది అట్ట పట్టుకున్న పిల్లవాడికి కాదు.

మద్యం విషయంలో ఇరవై ఒక్క ఏళ్ళ నియమం లైసెన్సు ఉన్న దుకాణాల గడప దగ్గర ఎంతో కొంత పనిచేస్తుంది. బెల్టు షాపులో అసలు చట్టమే లేనప్పుడు వయసు ఎక్కడిది? గుడ్డ సంచిలో సీసా పెట్టుకుని ఇంటికి పరుగెత్తే పిల్లవాడిని చూడని ఊరు ఉందా? ఇంకొన్ని వస్తువులను పేరు చెప్పి వదిలేస్తాను. ఇ-సిగరెట్లు 2019 నుంచి ఏ వయసువారికైనా నిషిద్ధం; అమ్మితే మొదటిసారికే ఏడాది వరకు జైలు. సీసాలలో వచ్చే వైట్‌నరు ద్రవాన్ని చిల్లరగా అమ్మరాదని 2012లోనే కేంద్రం ఆదేశించింది. పెన్ను రూపంలోనే అమ్మాలి. సైకిలు లేని పిల్లవాడు పంక్చరు సొల్యూషను ట్యూబులు రోజూ కొంటుంటే ఎందుకో అడగండి. కోడీన్ కలిసిన దగ్గుమందును చీటీ లేకుండా పిల్లవాడి చేతిలో పెట్టే మందుల దుకాణదారులకు నేను చెప్పేదేమీ లేదు; వారు చదువుకున్నవారు, తెలిసి చేస్తున్నవారు.

కొత్తగా మరొక కొట్టు వచ్చింది, దానికి ముఖమే లేదు. పది నిమిషాలలో సరుకు ఇంటికి తెచ్చే యాప్‌లలో ‘నాకు పద్దెనిమిదేళ్ళు నిండాయి’ అన్న గడిని ఒక్కసారి నొక్కితే చాలు. తలుపు తీసినది ఎవరో చూసుకునే తీరిక ఆ తెచ్చిన కుర్రవాడికి లేదు. అతని వెనుక గడియారం తరుముతోంది. ఇక్కడ అడగవలసిన బాధ్యతను అతని నెత్తిన రుద్దడం అన్యాయం. ఇంటి దగ్గర కార్డు చూసి, అందుకు పట్టే రెండు నిమిషాలకు కూడా కూలి కట్టి ఇవ్వవలసినది కంపెనీ.

బడుల యాజమాన్యాలకు, ఉపాధ్యాయులకు ఒక పని ఉంది. వంద గజాలంటే సుమారు తొంభై ఒక్క మీటర్లు. చాలామంది దీన్ని ప్రధాన ద్వారం నుంచి, రోడ్డు వెంబడి కొలుస్తారు. అలా కాదు, ప్రహరీ గోడ బయటి అంచు నుంచి, అన్ని వైపులా వలయంగా కొలవాలని నిబంధన. వెనుక గోడకు ఆనుకుని ఉన్న బడ్డీ కూడా అందులోకి వస్తుంది. ఒక టేపు, ఇద్దరు మనుషులు, ఒక సాయంత్రం. ఆ వలయంలో ఉన్న కొట్ల జాబితాను రాతపూర్వకంగా పోలీసు స్టేషనుకు, పురపాలక సంఘానికి లేదా పంచాయతీకి ఇచ్చి రసీదు తీసుకోండి. ఫలానా కొట్టులో పిల్లలకు అమ్ముతున్నారని తెలిస్తే 1098 బాలల సహాయ కేంద్రానికి చెప్పవచ్చు.

ఇప్పటికే అలవాటుపడిన పిల్లవాడు కొట్టు ముందు నిలబడితే, లేదని చెప్పి పంపేస్తే చాలదని కొందరు వ్యాపారులు నన్నే అడిగారు, మంచి ప్రశ్న. పొగాకు మానదలచిన వారికోసం కేంద్ర ప్రభుత్వం నడుపుతున్న ఉచిత ఫోను నంబరు 1800 11 2356. ప్రతి సిగరెట్టు పెట్టె మీదా ఉంటుంది, విడిగా కొనేవాడికి మాత్రం కనబడదు. దాన్ని పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాసి, దీపాల అర ఉన్న చోట అంటించండి.